భుజాలు పట్టుకుని నడిచిన రోజు

ఈమధ్య ఒక కుర్ర ఉపాధ్యాయుడు మా ఇంటికి వచ్చాడు. చూపులేని పిల్లల బడిలో కొత్తగా చేరాడట. వార్షికోత్సవం దగ్గరపడింది, పిల్లల చేత ఏం చేయిస్తే బాగుంటుందో చెప్పమన్నాడు. "అందరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని వేదిక మీదికి వస్తే చూసేవాళ్ళకి కన్నీళ్ళు ఆగవండీ" అని తనే ఒక ఆలోచన కూడా చెప్పాడు. మంచివాడే. గొంతులో ఉత్సాహం ఉంది. నేను మాత్రం చాలాసేపు నోరు విప్పలేకపోయాను. నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడో ఏమో, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అతనికి చెప్పవలసినదీ, అతనిలాగే ఈ పనిలోకి వస్తున్న మీ అందరికీ చెప్పవలసినదీ ఇక్కడ చెబుతున్నాను.

నాకు ఆరో ఏట అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. మాది దివిసీమలో, నాగాయలంక దాటాక పడవ ఎక్కి వెళ్ళవలసిన లంక ఊరు. మా నాన్న పడవ నడిపేవాడు. ఆయన పోయాక అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళి నన్ను సాకింది. ఆవిడ పనికి పోయినప్పుడు నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, సాయంత్రం వచ్చి లేపేది. నా చిన్నతనం అంతా ఆ గుమ్మమే.

నన్ను అక్కణ్ణించి లేపింది గుడివాడవారు. మేము వాళ్ళని అలా పిలిచేవాళ్ళం గాని, వాళ్ళ ఊరు గుడివాడకి అవతల, నందివాడ వైపు. పెద్ద రైతు కుటుంబం. ఆ ఇంటి పెద్దాయనకి ఒక తమ్ముడు ఉండేవాడట. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఆయనకి ఏ లోటూ రానివ్వలేదు. వేళకి అన్నం, ఉతికిన బట్టలు, పిలిస్తే పలికే పాలేరు. నడివయసు దాకా బతికి, వీధిగుమ్మం దాటకుండానే పోయాడు. చివరి రోజుల్లో ఒకసారి, "ఒక్కసారి నన్నొక్కణ్ణీ కాలవగట్టు దాకా వెళ్ళనిచ్చి ఉంటే బాగుండేది అన్నయ్యా" అన్నాడట. పెద్దాయన ఈ మాట మాకు చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ చుట్ట వెలిగించుకునే వంకతో కాసేపు ఆగేవారు.

తమ్ముడు పోయిన కొన్నాళ్ళకే ఆయన బందరులో, గొడుగుపేటలో ఒక పెంకుటిల్లు తీసుకుని చూపులేని పిల్లల కోసం ఒక బడి పెట్టారు. చదువు చెప్పడానికి ఒక పంతులుగారు, పేముపని నేర్పడానికి ఒక మేస్త్రీ, వండిపెట్టడానికి ఒక పెద్దావిడ. ప్రతి శనివారం ఆయన గుడివాడ నుంచి రైల్లో వచ్చి మాకు నడక నేర్పేవారు. కర్ర చేతికిచ్చి కాలవగట్టు మీద వదిలేవారు. మాకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఒకరోజు తన కండువా కళ్ళకి కట్టుకుని మాతో పాటు నడిచి, తిన్నగా కాలవలోకి దిగిపోయారు. పడవవాళ్ళు బయటికి లాగితే, నీళ్ళు కారుతూ, "నాకన్నా మీరే నయంరా" అని నవ్వారు. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడవకూడదు. ఎవరి కర్ర వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది.

నన్ను పంపడానికి అమ్మ మొదట ఒప్పుకోలేదు. "బస్తీవాళ్ళు గుడ్డిపిల్లల్ని తీసుకెళ్ళి రైళ్ళలో అడుక్కోవడానికి పెడతారంట" అంది. పిల్లల్ని వెతుక్కుంటూ మా లంక దాకా వచ్చిన పెద్దాయన మా ఇంటి ముందు నిలబడి, "అమ్మా, నీ కొడుకు ఎవరి ముందూ చెయ్యి చాచడు. అది నా పూచీ" అన్నారు. ఆ మాట మీద పంపింది.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. నేను ఆ ఇంట్లోనే పెరిగి, పేముపని నేర్చుకుని, మేస్త్రీగారి తర్వాత ఆ పని నేర్పే పంతుల్ని అయ్యాను. కోర్టులో ప్లీడర్ల కుర్చీలు అల్లికకి మా దగ్గరికే వచ్చేవి. మొదటి జీతంతో కిర్రుచెప్పులు కొనుక్కున్నాను. నేను వస్తుంటే వీధి మొదట్లోనే పిల్లలకి తెలిసిపోయేది. అది నాకు ఎంత గర్వంగా ఉండేదో మీకు చెప్పలేను.

పెద్దాయన పోయాక వాళ్ళబ్బాయి ఈ బాధ్యత తీసుకున్నారు. మేము చినబాబుగారు అనేవాళ్ళం. మద్రాసులో చదువుకున్నారు. మెత్తని మనిషి. ఏ పిల్లాడికి దగ్గు వచ్చినా డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళేవారు. కాని ఆయన చేతికి వచ్చేసరికి ధాన్యం ధర పడిపోయింది. పండించిన రైతులకే గడవడం కష్టంగా ఉన్న రోజులు. వంటావిడ గంజి పలచన చేస్తోందని మాకు నాలుకతోనే తెలిసేది. ఆయన ఎవరినీ అడగలేక, మా ఇంటిని మూయలేక నలిగిపోయారు.

చివరికి ఊళ్ళో ఒక హాలు తీసుకుని సభ పెడదామనుకున్నారు. పెద్ద ఉద్యోగులనీ, వ్యాపారస్తులనీ పిలుస్తారు. నేను వేదిక మీద కూర్చుని కుర్చీ అల్లి చూపించాలి, పెద్దపిల్లలు చుక్కల అక్షరాల పుస్తకం చదవాలి. నాకు సంతోషం పట్టలేదు. మా ఊరి పడవవాళ్ళతో అమ్మకి కబురు పెట్టాను. "వచ్చి చూడు, నీ కొడుకు వేదిక మీద కూర్చుంటాడు" అని.

సభ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని తయారుగా ఉన్నాం. చినబాబుగారితో ఆయన స్నేహితుడు ప్లీడరుగారు వచ్చారు. మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, చినబాబుగారిని పక్కకి పిలిచారు. చూపులేనివాళ్ళకి చెవులు కూడా లేవనుకుంటారు చాలామంది. వసారాలో వాళ్ళ మాటలన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఏవండీ, ఈ పిల్లల్ని చూస్తే పెళ్ళికి వెళ్తున్నట్టున్నారు. వీళ్ళకి సాయం కావాలని ఎవరనుకుంటారు?"

"కుర్చీ అల్లి చూపిస్తాడండీ మా పంతులు. అది చూస్తే..."

"కుర్చీ చూస్తే చప్పట్లు కొడతారు. చప్పట్లతో అన్నం వండుతారా? పాత బట్టలు వెయ్యండి. కర్రలు తీసెయ్యండి. ఒకళ్ళ వెనక ఒకళ్ళు భుజాలు పట్టుకుని తడుముకుంటూ రావాలి. ఏదైనా దీనంగా ఉండే పాట పాడించండి. నేను చెప్తున్నాగా."

చినబాబుగారు వసారాలో అటూ ఇటూ నడిచారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు. 

"ఇవాళ ఒక్కరోజుకి కర్రలు ఇక్కడే ఉంచేద్దాం. పిల్లలకి నువ్వే చెప్పు."

"కుర్చీ సంగతి అండీ?"

"టైము చాలదట. నీ చెప్పులు కూడా..." ఆయన మాట పూర్తిచెయ్యలేదు.

నేను చెప్పులు విప్పి, ఇస్త్రీ చొక్కా తీసి చిరిగిన పాతది తొడుక్కున్నాను. ఆయన అడిగితే కాదనడం మా ఎవరికీ తెలియదు. ఆయన పెట్టిన అన్నం తింటున్నాం.

హాల్లోకి మమ్మల్ని వరసగా నడిపించారు. అందరికన్నా పొడుగని నన్ను ముందు పెట్టారు. నా భుజం మీద ఒక పిల్లాడి చెయ్యి. వాడి అరచెయ్యి చెమటతో తడిసిపోయి, నా చిరిగిన చొక్కాలోంచి చల్లగా తగులుతోంది. అలవాటు లేని నడక కావడంతో ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళం తొక్కుకున్నాం. మెట్టు దగ్గర నేను నిజంగానే తూలాను. హాలంతా "అయ్యో" అంది. పాట మొదలయ్యేసరికి ముందు వరసల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదుకోవడం వినిపించింది. ప్లీడరుగారికి జనం సంగతి బాగా తెలుసు.

నేను పాడుతూనే అమ్మ దగ్గు కోసం చెవులు రిక్కించాను. ఆవిడ కొత్త చోటికి వస్తే దగ్గుతుంది. వినపడలేదు. రాలేదేమో, రాకపోతే బాగుండును, అనుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చాక వంటావిడ నా పక్కకి వచ్చి, మెల్లగా చెప్పింది. "బాబూ, మీ అమ్మగారు వచ్చారు. హాల్లో వెనకాల కూర్చున్నారు. పాట అవకుండానే లేచిపోయారు. ఇక్కడికి వచ్చి ఈ మూట అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. పిలుస్తున్నా ఆగలేదు."

మూటలో తాటితాండ్ర. నాకోసం ఎండబెట్టి తెచ్చింది.

నేను చొక్కా మార్చుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. కర్ర తీసుకుని బస్సులు ఆగే చోటికి వెళ్ళాను. అక్కడ నిలబడి ఉంటే ఎవరో ముసలాయన దగ్గరికి వచ్చి, "హాల్లో చూశాను నాయనా, మీ పాటకి కడుపు తరుక్కుపోయింది" అంటూ నా గుప్పిట్లో డబ్బులు పెట్టారు. నేను వద్దనేలోపే ఆయన వెళ్ళిపోయారు. జీవితంలో మొదటిసారి నా చేతిలో ముష్టి పడింది. వాటిని అక్కడి బల్ల మీద వదిలి బస్సెక్కాను. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణించి నాగాయలంక దాకా ఎడ్లబండి. ఒక్కణ్ణీ అంత దూరం అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు.

పొద్దు వాలే వేళకి రేవు చేరాను. ఏట్లో నీళ్ళు తీసి ఉన్నాయి, సముద్రపు పోటుకి మళ్ళీ నీళ్ళు ఎక్కితే గాని పడవ కదలదు. అందుకే అమ్మ ఇంకా అక్కడే ఉంది. నేను అడగకముందే పడవవాళ్ళు, "మీ యమ్మ ఆ పాక కాడ కూచుంది, నీళ్ళు కూడా తాగలేదు" అన్నారు. కర్ర చప్పుడు వినగానే అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నేను రోజూ అలా ఉండనే. ఇవాళ ఒక్కరోజుకే అలా చేయించారు. నేను అక్కడ పంతుల్నమ్మా. కుర్చీలు అల్లుతాను. నన్ను పంతులుగారంటారు."

"తెలుసురా."

"మరెందుకు వెళ్ళిపోయావ్? నాతో మాట్లాడకుండా?"

 అమ్మ నా చిరిగిన చొక్కా భుజం దగ్గర పట్టుకుని నలుపుతోంది.

"నా పక్కన ఒకావిడ కూచుందిరా. మంచి చీర కట్టుకుంది, సెంటు వాసనొస్తోంది. కళ్ళు తుడుచుకుంటా, 'ఈళ్ళలో మీవాళ్ళెవరన్నా ఉన్నారా అమ్మా' అనడిగింది. నువ్వు అప్పుడే మెట్టుకాడ పడబోయావు. అందరూ అయ్యో అయ్యో అంటన్నారు." ఆగింది. "లేరన్నాను. నాకెవరూ లేరన్నాను. ఊరికే చూట్టానికొచ్చానన్నాను. నోట్లోంచి ఎట్టా వచ్చిందో ఆ మాట. ఇంకా నీ మొహం ఎట్టా చూడను?"

నేను ఆవిడ తలని నా భుజానికి ఆనించుకున్నాను.  తడుముకుంటూ, తూలుతూ నడిచిన సిగ్గు నాది. నన్ను కాదన్న సిగ్గు ఆవిడది. ఏది పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

రెండు మూడు రోజులు లంకలో అమ్మ దగ్గర ఉండి బందరు తిరిగొచ్చాను. వసారాలో అడుగు పెట్టగానే మోకాలికి ఏదో తగిలి పడబోయాను. బియ్యం బస్తాలు. గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. సభ చూసి కరిగిపోయిన వ్యాపారస్తులు పంపించారట. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే అయిన నాకు అడుగడుగూ తెలిసిన ఇల్లు అది. ఆ రోజు అక్కడ తడుముకుంటూ నడిచాను.

చినబాబుగారు నా చప్పుడు విని గదిలోంచి పరుగున వచ్చారు.

"ఎక్కడికి పోయావయ్యా? చెప్పకుండా పోతే ఏమనుకోవాలి? కాలవలో గాలించాను తెలుసా నీకోసం!"

 అప్పుడు నేను అమ్మ సంగతి చెప్పాను. ఆ పక్కనావిడ అడిగిన మాట, అమ్మ చెప్పిన జవాబు. కోపంతో మొదలుపెట్టాను గాని చివరికొచ్చేసరికి నా గొంతు నాకే చిన్నగా వినపడింది. ఆయన బస్తా మీద కూలబడ్డారు.

"నాకు తెలిసే చేశాను" అన్నారు. "తప్పని తెలిసే చేశాను. కాని నువ్వు చెప్పు. పిల్లల్ని ఇళ్ళకి పంపించేసి మళ్ళీ గుమ్మాల్లో కూర్చోబెట్టనా? నాన్న ఉంటే ఏం చేసేవారు?"

 ఆ బియ్యం వండారు. నేనూ తిన్నాను. చాలా నెలలు తిన్నాం. ఈ భాగం చెప్పకుండా దాటెయ్యడం సులువే, కాని మీరు ఈ పని చెయ్యబోతున్నారు కనక చెప్పాలి. ఆ రోజు మేము అలా నడవకపోతే ఆ ఇల్లు మూతపడేదే.

వారం తిరక్కుండా చినబాబుగారు, "మీ అమ్మగారి దగ్గరికి వెళ్దాం" అన్నారు.

వెళ్ళాం. ఆయన లాంటి మనిషి మా లంకలో అడుగు పెట్టడంతో ఊళ్ళో పిల్లలంతా వెంటపడ్డారు. మాది మధ్యలో ఒక్క గుంజ మీద నిలిచిన ఒంటి నిట్టాడి పాక. అమ్మ కంగారుపడిపోయి చాప పరిచింది, తీసేసింది, ఇంకో చాప పరిచింది. ఆయన కింద కూర్చున్నారు.

"అమ్మా, మా నాన్నగారు మీకిచ్చిన మాట నేను తప్పాను. మీకు చెప్పుకుందామని వచ్చాను."

"ఎంత మాట బాబూ" అంది అమ్మ. "తప్పింది నేను. కన్నతల్లిని, లేరన్నాను. మీరేం చేశారు? అన్నం పెట్టారు."

"నేను చెయ్యకపోతే మీకు ఆ మాట అనవలసి వచ్చేది కాదు కదమ్మా."

అంతే.   కాసేపటికి అమ్మ లేచి, ఎవరినీ అడక్కుండా పొయ్యి ముట్టించింది. చేపల పులుసు వాసన పాకంతా అలుముకుంది.  ఆయన కులమేమిటి, మా కులమేమిటి? మా ఇళ్ళల్లో వాళ్ళు మంచినీళ్ళు ముట్టని రోజులవి. ఆయన వద్దంటే అమ్మ ఆ సిగ్గులోంచి ఇంక లేవదు. ఆకు వేసిన చప్పుడు, అన్నం పెట్టిన చప్పుడు విన్నాను. తర్వాత ఆయన కలుపుకుంటున్న చప్పుడు. అమ్మ మళ్ళీ వడ్డించబోతే "చాలమ్మా" అన్నారు. "మొహమాటపడకండి బాబూ, పేదోళ్ళ కూడే గాని శుభ్రంగా వండాను" అంటూ ఇంకా వేసింది. ఆయన మొత్తం తిన్నారు.

తర్వాత సంగతులు క్లుప్తంగా చెప్తాను. మరుసటి ఏడు సభ హాల్లో జరగలేదు, మా పనిచోటనే జరిగింది. ఇస్త్రీ చొక్కాలే తొడుక్కున్నాం. వచ్చిన వాళ్ళ ముందు కుర్చీలు అల్లాం. ప్లీడరుగారు అన్నది నిజమే, చప్పట్లు బాగా కొట్టారు, సాయం బాగా తగ్గింది. చినబాబుగారు నందివాడ వైపు పొలంలో కొంత అమ్మారు, తర్వాత ఇంకొంత అమ్మారు. ఆయన పిల్లలు కూడా ఆ పని విడిచిపెట్టలేదు. నేను ఆ ఇంట్లోనే రిటైరయ్యాను. అమ్మ మళ్ళీ బందరు రాలేదు. ఎంత పిలిచినా, "ఆ ఊళ్ళో నా మొహం ఎవరన్నా గుర్తుపడతారురా" అనేది.

ఇక ఆ రోజు మేమిద్దరం లంక నుంచి తిరిగొస్తుంటే పడవలో జరిగింది ఒకటి ఉంది. పడవ ఏటి మధ్యకి వచ్చింది. పడవ తోసే గెడ నీళ్ళలో పడుతూ లేస్తోంది. అప్పుడు చినబాబుగారు అడిగారు.

"మీ అమ్మగారు వడ్డిస్తున్నంతసేపూ నాకు తలెత్తబుద్ధి కాలేదు. ముద్ద మింగుడుపడలేదు. మేం పెట్టే అన్నం తినేటప్పుడు నీకూ ఇలాగే ఉంటుందా?"

అబద్ధం చెప్పడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

"మీ నాన్నగారి రోజుల్లో ఉండేది కాదండీ" అన్నాను.

 పడవ ఒడ్డుకి తగిలింది. దిగేటప్పుడు ఆయన ఎప్పటిలాగే నా చెయ్యి పట్టుకోబోయి, మణికట్టు మీద వేళ్ళు తగిలాక, వెనక్కి తీసుకున్నారు. పడవలో పక్కకి జరిగిన చప్పుడు విన్నాను.

"ముందు మీరు దిగండి" అన్నారు.

అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను మీరు అనలేదు.